సీలు తీయని సీసా

నరసరావుపేటలో కామేశం గారి కిరాణా కొట్టుకు వచ్చేవాళ్లలో సగం మంది "అమ్మాయి ఏం చదువుతోంది?" అని అడుగుతారు. ఆయన కందిపప్పు తూస్తూ "ఎమ్మెస్‌డబ్ల్యూ" అంటాడు. అంటే ఏందని రెండో ప్రశ్న వస్తుంది. "సోషల్ వర్కు, గుంటూరులో" అని చెప్పి, మూడో ప్రశ్న వచ్చేలోపు పొట్లం చేతిలో పెట్టి పంపించేస్తాడు. ఆ మూడో ప్రశ్న ఏమిటో ఆయనకు తెలుసు. అది చదివితే ఏమవుతారు?

పాపం, ఆయనకే కాదు, చదువుతున్న పూర్ణిమకూ సరిగ్గా తెలియదు. క్లాసులో వంశీ అనేవాడు సిమెంటు ఫ్యాక్టరీలో హెచ్చార్ ఉద్యోగం వస్తుందంటాడు. ఒకమ్మాయి ఆస్పత్రిలో కౌన్సెలర్‌నవుతానంటుంది. ఇంకొకరు కలెక్టరేటులో కాంట్రాక్టు పోస్టు కోసం ఎవరెవరినో పట్టుకుంటున్నారు. "ఊరివాళ్లకు సేవ చెయ్యడానికి డిగ్రీ మీద డిగ్రీ ఎందుకమ్మా, పుణ్యం ఊరికే వచ్చేదేగా" అని కామేశం గారు కూతురి దగ్గర ఒకటి రెండుసార్లు అన్నాడు కూడా. పూర్ణిమ నవ్వి ఊరుకుంది. ఆఖరి సెమిస్టరులో నెల రోజులు ఫీల్డ్ వర్క్ చెయ్యాలి. అది చేస్తే తనకే తెలుస్తుందిలే అనుకుంది.

మార్చి నెలలో ఒక మంగళవారం. వినుకొండ బస్సులో శావల్యాపురం దాకా వెళ్లి, అక్కడ ఆటో ఎక్కి, గుంటిపాలెంలో ఊరికి విడిగా ఉన్న పల్లెలో దిగింది. వెంట జైనాబ్ బీ ఉంది. పేటలో పూర్ణిమను ఫీల్డ్ వర్క్‌కు తీసుకున్న సంస్థలో ఆమె పద్దెనిమిదేళ్లుగా పని చేస్తోంది. పదో తరగతి దాకా చదివింది. ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో మొగుడు కరుస్తాడో ఆమెకు చూడకుండానే తెలుసు.

శాంతమ్మ ఇంటి ముందు అరుగు మీద పట్టా పరిచి, పొలంలో ఏరుకొచ్చిన రాలు మిరపకాయలకు ముచ్చికలు తీస్తోంది. పక్కన ఆమె కూతురు షారోన్. పద్నాలుగేళ్ల పిల్ల. జనవరి నుంచి బడి మానేసి తల్లితో కోతలకు పోతోంది. శావల్యాపురం దాటాక ఆడపిల్లల హాస్టల్ బడి ఒకటుంది. వచ్చే ఏడు తొమ్మిదిలో ఒక సీటు ఉందని, దరఖాస్తుకు శనివారం ఆఖరు రోజని, తల్లి స్వయంగా వచ్చి సంతకం పెట్టాలని అక్కడి హెడ్మిస్ట్రెస్ చెప్పింది. పూర్ణిమ వచ్చింది ఆ సంతకం కోసమే.

"నమస్తే శాంతమ్మ గారూ" అంది పూర్ణిమ.

ఆ పేరుకు 'గారు' తగిలించినవాళ్లు అంతవరకు లేరు కాబోలు, శాంతమ్మ తలెత్తి చూసింది. "రండి మేడమ్" అని కుర్చీ తెమ్మని కూతురికి సైగ చేసింది. పూర్ణిమ కుర్చీ వద్దని పట్టా అంచున కూర్చుంది. నాలుగు కాయలు చేతిలోకి తీసుకుని తానూ ముచ్చికలు తీయడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలకే వేళ్ల చివర్లు చురచురమన్నాయి.

"కళ్లు రుద్దుకోబాకు పాపా, చచ్చిపోతావ్" అంది శాంతమ్మ నవ్వుతూ. "గోరుతో కాదు, ఇట్టా బొటనేలు ఆనించి ఒక్క లాగు లాగాల."

మాటలు అలా సాగాయి. ఈ ఏడు కాయ తెల్లబారి తాలు ఎక్కువైందని, శాంతమ్మకు మోకాలి నొప్పని, పిల్లను హాస్టల్లో వదలాలంటే గుండె రావడం లేదని. షారోన్ లోపలికి వెళ్లి బైబిల్ తెచ్చింది. దరఖాస్తు మడత పడకుండా అందులో దాచుకుంది. అన్ని గళ్లూ నింపేసింది, తల్లి సంతకం గడి తప్ప. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

శాంతమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. "సరేలే పాపా, నువ్వు ఇంతగా చెప్తన్నావుగా. శనివారం వస్తా" అంది. షారోన్ ముఖం చూడాలి అప్పుడు. పూర్ణిమకు ఒళ్లు తేలిపోయింది. మొదటి కేసు, ఒక్క పూటలో!

శాంతమ్మ లేచి లోపలికి వెళ్లింది. కాసేపటికి అల్లం వాసన వచ్చింది. ఒక స్టీలు గ్లాసు పట్టుకుని మళ్లీ బయటికి వచ్చి, కుళాయి కింద పెట్టి, అందరికీ కనబడేలా లోపలా బయటా రెండుసార్లు తోమి కడిగింది. లోపలికి వెళ్లి, జైనాబ్ బీకి ఒక గ్లాసు, ఆ కడిగిన గ్లాసులో పూర్ణిమకు ఒకటి టీ తెచ్చింది.

పూర్ణిమ చెయ్యి కొంచెం ముందుకు వెళ్లి ఆగింది. యూనివర్సిటీలో ఉజ్వల మేడమ్ మాట గుర్తొచ్చింది. "క్లయింటు ఇంట్లో ఏమీ తినకూడదు, తాగకూడదు. తాగిన రోజు నుంచి మీరు వర్కర్లు కారు, చుట్టాలైపోతారు." పరీక్షలో కూడా వచ్చిన ప్రశ్న అది.

"వద్దండీ, ఏమీ అనుకోకండి. మాకు రూల్ ఉంది, ఫీల్డులో ఏమీ తీసుకోకూడదు" అంది.

జైనాబ్ బీ పొడి దగ్గు దగ్గింది. శాంతమ్మ గ్లాసును అలాగే కాసేపు పట్టుకుని, మెల్లగా గడప పక్కన పెట్టింది.

"షారోనూ, కొట్టుకాడికి పోయి మేడమ్ గారికి చల్లటిది పట్రా. సీలుది" అంది.

పూర్ణిమ వద్దంటూనే ఉంది. పిల్ల పరుగెత్తుకెళ్లి నారింజ రంగు కూల్‌డ్రింకు సీసా తెచ్చింది. డబ్బులు పెట్టి తెచ్చారు, ఇది కూడా కాదంటే నొచ్చుకుంటారు అనుకుంది పూర్ణిమ. ఎండ కూడా మండిపోతోంది. మూత తిప్పింది, కిర్రుమంది. సగం సీసా గటగటా తాగేసింది. గడప పక్కన టీ మీద మీగడ కట్టింది.

వెళ్లేటప్పుడు "శనివారం పొద్దున్నే వస్తాను, కలిసి వెళ్దాం" అంది పూర్ణిమ.

"చూద్దాంలెండి మేడమ్. కోతలు గట్టిగా ఉన్నయి" అంది శాంతమ్మ పట్టా మడుస్తూ.

ఆ సాయంత్రం పూర్ణిమ రికార్డులో ఇంగ్లీషులో చక్కగా రాసుకుంది. క్లయింటు టీ ఇవ్వబోగా, వృత్తి నియమాన్ని అనుసరించి మర్యాదగా నిరాకరించానని. సీసా సంగతి రాయలేదు. అది రాయవలసినంత విషయంగా తోచలేదు.

బుధవారం వెళ్తే శాంతమ్మ ఇంటికి తాళం. తల్లీకూతుళ్లు పొద్దున్నే కోతలకు పోయారని పక్కింటి ముసలమ్మ చెప్పింది. మధ్యాహ్నం ఇంటికొస్తారా అంటే రారంది. శనివారం సంగతి ఏమైనా చెప్పారా అంటే, "శాంతమ్మ రానంది గదమ్మా" అని తలుపేసుకుంది.

పూర్ణిమ నీరుగారిపోయి శావల్యాపురం బస్టాండులో జైనాబ్ బీ పక్కన కూలబడింది. "నిన్న వస్తానని ఇవాళ ఎందుకు రానంటోంది ఆంటీ? నేనేం తప్పు చేశాను?"

జైనాబ్ బీ గొడుగు మడిచి సంచిలో పెట్టుకుంది. అడిగేదాకా చెప్పకూడదని పట్టుబట్టి కూర్చున్నట్టుంది. "టీ వద్దన్నావు. రూలన్నావు. సరే. మరి ఆ సీసా ఎందుకు తాగావే పిల్లా?"

"డబ్బులు పెట్టి తెచ్చారని..."

"మరి టీలోకి పాలు ఊరికే వచ్చినయ్యా?"

పూర్ణిమ చున్నీ అంచు వేలికి చుట్టుకుంది.

"ఆ పల్లెలోకి పై ఇళ్లవాళ్లు ఎవరొచ్చినా సీలు సీసానే తెప్పిస్తారు. ఓట్లకొచ్చేటోళ్లకి అదే, సర్వేకొచ్చేటోళ్లకి అదే. వాళ్లింటి గ్లాసు ముట్టరని తెలుసుగా! అడగడం ఎందుకు, కాదనిపించుకోవడం ఎందుకని ముందే తెప్పిస్తారు. నువ్వు కింద కూర్చుని కాయలు ఒలిచావు. పాపా అని పిలిచింది, విన్నావా? అందుకని పొయ్యి ఎలిగించింది. నా ఎరుకలో బయటోళ్లకు శాంతమ్మ టీ పెట్టడం అదే. నాకంటే పెడతది, నేను ఆ గడపలో ముసలిదాన్నయ్యా. నువ్వు టీ తోసేసి సీలుది తాగావు."

"నాకు అట్లాంటి పట్టింపులు లేవు ఆంటీ. ఒట్టు."

"ఉన్నయ్యని నేనన్నానా? అడిగా, అంతే." జైనాబ్ బీ కాస్త మెత్తబడింది. "ఆమె బాధ టీ గురించి కాదే. అంత మంచిగా మాట్లాడే పిల్లే ఇట్టా చేస్తే, రేపు ఆ హాస్టల్లో నా బిడ్డ పళ్లెం ఎక్కడ పెడతారో అని. రాత్రి ఫోను చేసి అదే అంది నాతో."

బస్సులో పూర్ణిమ కిటికీ పక్కన కూర్చుని లెక్కకట్టుకోవడానికి ప్రయత్నించింది. రూలు ప్రకారం టీ వద్దంది. అది నిజం. అదే రూలు ప్రకారం సీసా కూడా వద్దనాలి. అనలేదు. అంటే టీ వద్దన్నది రూలు కాదా? మరేమిటి? టీ అంటే తనకు ఇష్టమే. గ్లాసు చూసినప్పుడు ఏమైనా అనిపించిందా? అనిపించలేదు. అనిపించలేదనే అనుకుంటోంది. చెయ్యి ఆగింది మేడమ్ గుర్తొచ్చాకా, ముందా? అదే తేలడం లేదు. తలంతా దారాల ఉండ చిక్కుపడ్డట్టయింది.

ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ రమణమ్మ పెరటి తలుపు దగ్గర చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. "ఆగవే. కాళ్లు కడుక్కుని, ఆ చున్నీ అక్కడే పడేసి రా. బస్సు దుమ్ము."

రోజూ వింటున్న మాటే. కాళ్ల మీద నీళ్లు పడుతుంటే పూర్ణిమకు ఉన్నట్టుండి తోచింది. రెండేళ్లు గుంటూరు బస్సులో తిరిగింది. ఆ దుమ్ముకు నాయనమ్మ ఒక్కనాడూ చెంబు తేలేదు. ఫీల్డుకు వెళ్లడం మొదలయ్యాకే తెస్తోంది. అడుగుదామనుకుంది. ఏమని అడగాలో తెలియక లోపలికి వెళ్లిపోయింది.

గురువారం ఉజ్వల మేడమ్ సంస్థ ఆఫీసుకు వచ్చి విద్యార్థుల రికార్డులు చూసింది. పూర్ణిమ పేజీలో టీ వాక్యం దగ్గర ఆగి, ఎర్ర పెన్నుతో 'గుడ్' అని రాసి కింద గీత గీసింది.

"మేడమ్, టీ వద్దన్నానుగానీ, కూల్‌డ్రింకు తాగాను" అంది పూర్ణిమ.

"అది కూడా తాగకూడదు. ఇందులో రాయలేదుగా? పోనీలే, ఇంకెప్పుడూ తాగకు" అని మేడమ్ పేజీ తిప్పేసింది. తర్వాత గొంతు తగ్గించి, "జూన్ నుంచి ఇక్కడ ఫీల్డ్ పోస్టుకు ఎమ్మెస్‌డబ్ల్యూ తప్పనిసరి చేస్తున్నారు. ఈ పిల్ల అడ్మిషన్ అయితే నీ పేరు చెప్తాను" అంది.

"ఏ పోస్టు మేడమ్?"

మేడమ్ కళ్లతోనే గది అవతలికి చూపించింది. అక్కడ జైనాబ్ బీ నేల మీద కూర్చుని పాత ఫైళ్లకు దారం కడుతోంది. వినబడిందో లేదో, తలెత్తలేదు. సంతోషపడాలో సిగ్గుపడాలో పూర్ణిమకు తెలియలేదు. చదివితే ఏమవుతారో నాన్నకు చెప్పడానికి ఇప్పుడొక జవాబు దొరికింది. దాన్ని కొట్లో నలుగురి ముందు చెప్పుకోవాలనిపించలేదు.

శుక్రవారం ఒక్కతే గుంటిపాలెం వెళ్లింది. అడుగుతూ అడుగుతూ చేను పట్టుకుంది. పది మంది ఆడవాళ్లు తలకు గుడ్డలు చుట్టుకుని సాళ్లలో వంగి కాయ కోస్తున్నారు. చేలో అడుగుపెట్టగానే ఘాటుకు దగ్గు తన్నుకొచ్చింది. శాంతమ్మ చూసింది. చూసి, కోతలో పడింది. ఒక మొక్క దగ్గర కుడిచెయ్యి ఆగేలోపు ఎడమచెయ్యి పక్క మొక్క మీద ఉంటోంది. షారోన్ రెండు సాళ్ల అవతల ఉంది, ఇటు చూడకుండా.

పూర్ణిమ గట్టు మీద కూర్చుంది. అన్నం వేళకు అందరూ వేపచెట్టు కిందికి వచ్చారు. ఎవరి టిఫిన్లు వాళ్లు విప్పుకున్నారు. శాంతమ్మ తడిగుడ్డ చుట్టిన ప్లాస్టిక్ డబ్బా ఎత్తి నీళ్లు తాగింది. పూర్ణిమ రాత్రంతా అనుకుని వచ్చిన పని అదే. దగ్గరకు వెళ్లి చెయ్యి చాపింది.

"శాంతమ్మ గారూ, కాసిని మంచినీళ్లు ఇవ్వండి."

అందరి చేతులూ ఆగిపోయాయి. శాంతమ్మ డబ్బాకు మూత పెట్టింది.

"మొన్న ఉద్యోగం కోసం వద్దన్నారు. ఇయ్యాల ఉద్యోగం కోసం అడుగుతున్నారా మేడమ్?"

కోపంగా అనలేదు. ధర అడిగినట్టు అడిగింది. పూర్ణిమ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. కాదని చెప్పడానికి నోరు తెరిచింది. కాదని ఎలా చెప్తుంది? దాహం వేసి అడిగింది కాదు. ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మిరప ఘాటు అనుకుంటారులే అనుకుంది.

"నాకు తెలియడం లేదండీ" అంది. "ఆ రోజు రూలని చెప్పాను. రూలయితే ఆ సీసా కూడా తాగకూడదు. మరి ఎందుకు తాగానో నాకే తెలియడం లేదు. మూడు రోజుల నుంచి అదే ఆలోచిస్తున్నాను. మీ సంతకం కోసం కాదు, నిజంగానే తెలియడం లేదు."

శాంతమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. "ఎండెక్కింది, బస్సెళ్లిపోతది. పోండి మేడమ్" అంది చివరికి.

శనివారం పొద్దున ఎనిమిదింటికే మళ్లీ తాళం. అయిపోయింది, పిల్ల చదువు తాను నోట్లో పోసుకున్న సగం సీసాతో పోయింది అనుకుంది పూర్ణిమ. జైనాబ్ బీకి ఫోను చేస్తే, "నేను పేటలోనే ఉన్నా, నాకేం తెలియదే" అంది. కనీసం సోమవారం దాకా గడువు అడుగుదామని ఆటో మాట్లాడుకుని హాస్టల్ బడికి వెళ్లింది.

గేటు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద శాంతమ్మ కూర్చుని ఉంది. చర్చికి కట్టుకునే తెల్లచీర. పక్కన నూనె రాసి జడలు బిగించుకున్న షారోన్. చేతిలో రసీదు.

"అయిపోయింది మేడమ్" అంది పిల్ల. ఆగలేకపోతోంది. "సంతకం పెట్టింది మా అమ్మ. జూన్ పన్నెండున రమ్మన్నారు."

పూర్ణిమ రసీదు అందుకుని చూసింది. "మీరు... ఎప్పుడొచ్చారు?"

"ఆరింటికి" అంది శాంతమ్మ. "మీరొస్తే అందరూ మర్యాదగా మాట్లాడతారు, ఉన్నది కనపడదు. అందుకని ముందే వచ్చా. పిల్లలు టిఫిన్లు తినే వేళకి వెనక గోడకాడ నిలబడి చూశా. పళ్లేలన్నీ ఒకే తొట్టికాడ కడుగుతున్నారు. ఒకదాని మీద ఒకటి బోర్లించారు. ఏది ఎవరిదో నాకు తెలియలా, వాళ్లకీ తెలియలా. అప్పుడు లోపలికి పోయి సంతకం పెట్టా."

రెండేళ్ల చదువులో ఇల్లు ఎలా చూడాలో, బడి ఎలా చూడాలో, ఏ ఫారంలో ఏం నింపాలో పూర్ణిమ నేర్చుకుంది. పళ్లేల తొట్టి చూడాలని ఏ ఫారంలోనూ లేదు. ఆమెకు సంతోషంతో బాటు ఎక్కడో కలుక్కుమంది. ఈ పనిలో తాను ఎక్కడా లేదు.

"మరి నిన్న చేలో..." అని ఆగింది.

"నిన్న మీరు అబద్ధం చెప్పలా. తెలియదన్నారు. తెలియనప్పుడు పోయి చూసుకోవాలి గదా, అందుకని వచ్చా" అంది శాంతమ్మ. టీ కొట్టతనికి సైగ చేసి తనకో కాగితం కప్పు టీ తీసుకుంది. డబ్బులు పూర్ణిమ ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకూ టీ చెప్పండి" అంది పూర్ణిమ.

"టీ కొట్టు టీ ఎవరైనా తాగుతారు మేడమ్" అంది శాంతమ్మ. పక్కనున్న ఐసు పెట్టెలోంచి నారింజ సీసా ఒకటి తీయించి, చెంగుతో తడి తుడిచి, రెండు చేతులతో పూర్ణిమకు అందించింది. "ఎండన పడి వచ్చారు. తీసుకోండి. సీలు తీయలేదు."

ఎగతాళి ఉందేమోనని పూర్ణిమ ఆమె కళ్లలో వెతికింది. లేదు. పెళ్లిలో చుట్టాలకు పీట వేసేంత శ్రద్ధగా అంది ఆ మాట. ఎగతాళి చేసినా బాగుండేది. వద్దనడానికి లేదు, తాగడానికి లేదు. ఈలోగా వినుకొండ నుంచి బస్సు వచ్చింది. పూర్ణిమ సీసా పట్టుకుని ఎక్కింది. షారోన్ చెయ్యి ఊపుతూనే ఉంది.

సంస్థ ఆఫీసులో పని చూసుకుని ఇల్లు చేరేసరికి దీపాల వేళ. నాయనమ్మ చెంబుతో సిద్ధంగా ఉంది. కాళ్ల మీద నీళ్లు పోస్తూ సంచిలోంచి తొంగి చూస్తున్న సీసాను చూసింది.

"ఏమే, ఎక్కడిదే అది?"

"గుంటిపాలెంలో శాంతమ్మ గారు ఇచ్చారు. మిరపకోతలకు వెళ్తారు, వాళ్లమ్మాయికి హాస్టల్లో సీటొచ్చింది."

చెంబు ఆగింది. రమణమ్మ సీసాను కళ్లజోడుకు దగ్గరగా పెట్టుకుని మూత చుట్టూ తిప్పి చూసింది. ముఖంలో కోపం లేదు, మనవరాలి మీద ప్రేమే ఉంది.

"సీలు తీయలేదుగా. అయితే పర్లేదులే, ఫ్రిజ్‌లో పెట్టు" అంది.

పూర్ణిమ సీసా ఫ్రిజ్‌లో పెట్టలేదు. బల్ల మీద ఎదురుగా పెట్టుకుని రికార్డు తీసింది. అడ్మిషన్ అయిందని రాసి పంపితే ఉజ్వల మేడమ్ మాట నిలబెట్టుకుంటుంది, జూన్‌లో జైనాబ్ బీ కుర్చీ ఖాళీ అవుతుంది. 'దరఖాస్తు పని తల్లి స్వయంగా చేసుకుంది. నేను చేసింది ఏమీ లేదు' అని శనివారం పేజీలో తెలుగులోనే రాసింది. తర్వాత మంగళవారం పేజీకి వెళ్లి, 'గుడ్' పక్కన తాను రాసిన ఇంగ్లీషు వాక్యాన్ని కొట్టేసింది. దాని కింద ఇలా రాసింది. 'ఆమె నా కళ్ల ముందు గ్లాసు కడిగి టీ ఇచ్చింది. రూలని వద్దన్నాను. సీలు సీసా ఇస్తే తాగాను.'

ఆ పక్క గడిలో కారణం రాయాలి. 'తెలియదు' అని రాసింది. పెరట్లో నాయనమ్మ రేపటికి చెంబు తోమి బోర్లిస్తున్న చప్పుడు వినబడింది. 'తెలియదు' కొట్టేసి, 'మా ఇంట్లో నేర్చుకున్నది కావచ్చు' అని రాసింది. ఆ చివరి 'కావచ్చు' ఉంచాలో కొట్టేయాలో తేలక, పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.